చిన్నవాళ్ళెవరో చెప్పండి

మే నెల వస్తే ఢిల్లీ జనం సూర్యుణ్ణి తిట్టుకుంటారు. మేం దండం పెట్టుకునేవాళ్ళం. ఎండ ముదిరితే కూలర్లన్నీ ఒక్కసారి తిరుగుతాయి. అన్నీ ఒక్కసారి తిరిగితే కరెంటు నీరసించిపోతుంది, కరెంటు నీరసిస్తే ఇళ్ళలో ఫ్రిజ్‌లూ టీవీలూ కాలిపోతాయి. వాటిని కాలకుండా కాపాడే స్టెబిలైజర్లు చేసి అమ్ముకోవడం మా బతుకుదెరువు. ఊరికి ఏది చెడ్డకాలమో మాకదే పంటకాలం. ఇలా బతికేవాళ్ళకి పాపం తగులుతుందని మా అత్తగారు అంటూ ఉండేది. తగలడం తగిలింది కానీ, అది సూర్యుడి వైపు నుంచి రాలేదు.

నేను చెప్పేది తొంభై ఏడు వేసవి సంగతి. నారాయణా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక సందు చివర రేకుల షెడ్డు మాది. బయట 'త్యాగరాజ్ ఎలక్ట్రికల్స్' అని బోర్డు. త్యాగరాజు మా ఆయన. బాపట్ల నుంచి ఐటీఐ సర్టిఫికెట్టు పట్టుకుని వచ్చి, వాళ్ళ దగ్గరా వీళ్ళ దగ్గరా పనిచేసి, చివరికి సొంతంగా పెట్టుకున్నాడు. స్టెబిలైజరు లోపల రాగితీగ చుట్టిన కాయిల్ ఉంటుంది. ఆ చుట్టే పని నాది. చేత్తో తిప్పే మిషను ముందు కూర్చుంటే సాయంత్రానికి గాని నడుం ఎత్తేదాన్ని కాదు. కాయిల్‌కి వైర్లు అతికి, పరీక్ష చేసే పని మా ఆయనది. రాంశరణ్ అనే బీహారు మనిషి రేకు డబ్బాలు బిగించేవాడు. అంతే మా ఫ్యాక్టరీ. వార్నిషు వాసన మా చీరలకీ దుప్పట్లకీ, ఆఖరికి పెరుగన్నానికి కూడా పట్టేది.

ఒకనాడు భోజనాల వేళ మా ఆయన పేపరు ఊపుకుంటూ వచ్చాడు.

"ప్రభుత్వం మనల్ని అడుగుతోందే అరుంధతీ!"

"ఏం ఇమ్మని?"

"ఇమ్మని కాదే తల్లీ. చిన్న పరిశ్రమంటే ఎవరో ప్రజలే చెప్పాలంట. కమిటీ వేశారు. ఎవరైనా వచ్చి మాట్లాడొచ్చంట."

"ఈ సందులోకి ఒక్కసారి వచ్చి చూస్తే వాళ్ళకే తెలుస్తుందిగా."

"నీతో ఇదే తంటా. ప్రతిదానికీ పుల్లవిరుపు."

సంగతేమిటంటే, కొన్ని సరుకులు చిన్న పరిశ్రమలవాళ్ళు మాత్రమే చెయ్యాలని అప్పట్లో నియమం ఉండేది. స్టెబిలైజర్లు వాటిలో ఒకటి. ఎవరు చిన్న, ఎవరు పెద్ద అని తేల్చడానికి వాళ్ళ దగ్గరున్న యంత్రాల విలువ చూసేవారు. అది అరవై లక్షలు దాటితే పెద్ద. మా యంత్రాలన్నీ కలిపి అమ్మినా పాత స్కూటరు రాదు కాబట్టి ఆ హద్దు గురించి మేం ఏనాడూ ఆలోచించలేదు. ఇప్పుడు దాన్ని మూడు కోట్లకి పెంచుతామంటోంది ప్రభుత్వం. పెంచేముందు అందరి మాటా వింటుందట.

"పెంచితే మనకేంటి పాపా? వుయ్ ఆర్ స్టిల్ స్మాల్, నా?" అంది మా అమ్మాయి అక్షర, వాళ్ళ నాన్నతో. పన్నెండో తరగతి అయిపోయి ఇంట్లోనే ఉంది. దానికి తెలుగు అర్థమవుతుంది గానీ నోటికి సరిగ్గా రాదు.

"మనం చిన్నే. మెహందీరత్తా కూడా చిన్నయిపోతాడు. అదమ్మా గొడవ" అన్నాడు వాళ్ళ నాన్న.

మెహందీరత్తా అంటే మా రోడ్డులో సగం తనదే అయిన మనిషి. కూలర్ మోటార్లు చేస్తాడు. ఆయన కాంపౌండుకి గేటు ఒకటే, జనరేటరు ఒకటే, కాపలాకుక్క కూడా ఒకటే. బోర్డులు మాత్రం ఏడు. ఒకటి భార్య పేరు మీద, ఒకటి బావమరిది పేరు మీద, ఒకటి డ్రైవరు బల్బీర్ పేరు మీద, ఒకటి వంటవాడి పేరు మీద. అలా ముక్కలు ముక్కలుగా ఉంటే ఏ ముక్కకి ఆ ముక్క చిన్న పరిశ్రమే కదా. పైగా మా ఏరియా చిన్న పరిశ్రమల అసోసియేషన్‌కి అధ్యక్షుడు కూడా ఆయనే. ఆయనకి తైవాన్ నుంచి కాయిళ్ళు చుట్టే ఆటోమేటిక్ మిషన్లు తెప్పించుకుని స్టెబిలైజర్లు కూడా చెయ్యాలని ఎన్నాళ్ళ నుంచో కోరిక. తెప్పిస్తే ఎన్ని ముక్కలు చేసినా హద్దు దాటిపోతాడు, దాటితే స్టెబిలైజర్లు ముట్టుకోకూడదు. హద్దు పెంచారా, ఇక ఆయన్ని ఆపేవాడు లేడు.

"ఆ మిషను ఒక్క పూటలో చుట్టేది మీ అమ్మ వేసవంతా కూర్చున్నా చుట్టలేదు. అవి వస్తే మన షెడ్డుకి తాళమే" అన్నాడు మా ఆయన.

ఇక ఆ రోజు నుంచి షెడ్డులో రిహార్సల్సు మొదలయ్యాయి. అక్షర స్టూలెక్కి కూర్చుని కమిటీలో అందరి మాటా వినే జాయింట్ సెక్రటరీ వేషం కట్టేది. మా ఆయన చేతిలో టెస్టరు పట్టుకుని దాన్నే మైకనుకుని హిందీలో మాట్లాడేవాడు. ఉన్నమాట చెప్పాలి, బాగా మాట్లాడేవాడు. "యంత్రం విలువ చూడకండి సార్, యజమాని చేతులు చూడండి. ఎవడి గోళ్ళలో వార్నిషు ఉందో వాడు చిన్నవాడు. గేటు దగ్గర నిలబడి వేరేవాళ్ళ చేతులు లెక్కపెట్టేవాడు పెద్దవాడు. అందరికీ ఒకే కొలత పెడితే మేం చచ్చిపోతాం." ఈ మాటలు ఎవరూ రాసిచ్చినవి కావు. ఇన్నేళ్ళుగా కడుపులో ఉన్నవి. రాంశరణ్ స్క్రూడ్రైవరు పక్కనపెట్టి చప్పట్లు కొట్టాడు. నేను కూడా మిషను ఆపి విన్నాను. పెళ్ళయ్యాక ఆయన్ని చూసి నేను గర్వపడిన రోజుల్లో అదొకటి.

కానీ ఢిల్లీలో తెలుగువాడికి ఒక జబ్బుంది. రేషన్ కార్డు కావాలన్నా, రైలు టికెట్టు కావాలన్నా, ముందు 'మనవాడు' ఎవరున్నాడా అని వెతుక్కుంటాడు. కమిటీ పనులు చూసే ఆఫీసులో మనవాడు ఒకాయన ఉన్నాడు. పద్మనాభం గారు, డిప్యూటీ డైరెక్టరు. ఉగాది సభల్లో పరిచయం. ఆదివారం పూట నన్నూ అక్షరనీ వెంటబెట్టుకుని మా ఆయన ఆర్.కె. పురంలో ఆయన క్వార్టర్సుకి బయల్దేరాడు. ఉత్త చేతులతో వెళ్తే బాగుండదని కొత్త స్టెబిలైజరు ఒకటి సంచీలో పెట్టుకున్నాడు.

తలుపు తీసిన ఆయన భార్య జానకీదేవిగారి కళ్ళు మా మొహాల మీద పడకముందే సంచీ మీద పడ్డాయి.

"అయ్యో, ఎందుకండీ ఇవన్నీ" అంటూనే అందుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది ఫ్రిజ్‌కేనా, ఏసీకి కూడా పనికొస్తుందా? మేం ఏసీ కొన్నాం కదా మొన్న."

"ఇది ఫ్రిజ్‌కేనండీ" అన్నాను.

"ఏసీకి ఇంకోటి పంపిస్తాలెండి అమ్మా" అన్నాడు మా ఆయన, నా మాట పూర్తి కాకముందే. మేం సాయం అడగడానికి వెళ్ళామా, బాకీ తీర్చడానికి వెళ్ళామా అనిపించింది.

పద్మనాభం గారు లుంగీ సర్దుకుంటూ వచ్చి సోఫాలో కూర్చున్నారు. అంతా విని తల ఊపారు.

"నీ పేరు లిస్టులో పెట్టిస్తాను త్యాగరాజూ. జెన్యూన్ స్మాల్ యూనిట్ ఒకటి కావాలని మా జాయింట్ సెక్రటరీ గారు కూడా అంటున్నారు. కానీ ఒక్క మాట. ఆయన చాలా పెద్దమనిషి. ఆయన ముందు ఈ పంజాబీవాళ్ళలాగా గోల చెయ్యకూడదు. మనవాళ్ళకి డిగ్నిఫైడ్ అని ఒక పేరుంది. నిన్ను పిలిపించింది నేనని అందరికీ తెలుస్తుంది. నా మాట దక్కించాలి."

"ఎంత మాట సార్! మీ పేరుకి మచ్చ తెస్తానా?"

"డ్రెస్సు కూడా కాస్త నీట్‌గా వేసుకురా. ఈ మరకల చొక్కాతో రాకు."

దార్లో బస్సులో నేను ఊరుకోలేకపోయాను. "ఆయన మిమ్మల్ని మాట్లాడమన్నాడా, మాట్లాడొద్దన్నాడా?" అని అడిగాను.

"మనవాడే. మన మంచికే చెప్తాడు" అన్నాడు. కరోల్ బాగ్‌లో దిగి సఫారీ సూటుకి గుడ్డ తీసుకున్నాడు.

సభ జరిగిన హాల్లోకి అడుగు పెట్టగానే చలేసింది. బయట రోడ్డు తారు కరుగుతోంది, లోపల శాలువా ఉంటే బాగుండనిపించింది. బల్లల నిండా జీడిపప్పు బిస్కెట్లు, మినరల్ వాటరు సీసాలు, పైన బంగారు రంగు అక్షరాలున్న ఫోల్డర్లు. చిన్నవాళ్ళ బాధలు వినడానికి ఇంత ఖర్చా అనుకున్నాను. నేనూ అక్షరా చివరి వరసలో కూర్చున్నాం. మా ఆయన ముందు వరసల్లో, కొత్త సఫారీలో, గోళ్ళు కిరసనాయిలుతో తోముకుని మరీ వచ్చాడు. మా పెళ్ళినాటి ఉంగరం కూడా పెట్టుకున్నాడు. చూసినవాడెవడైనా కంపెనీ డైరెక్టరు అనుకుంటాడు.

అంతకు ముందే బయట కార్లు ఆపే చోట నేను ఇంకో తమాషా చూశాను. మెహందీరత్తా పెద్ద కార్లోంచి దిగలేదు, లోపలే కూర్చుని గడియారం తీశాడు, ఉంగరాలు తీశాడు, బూట్లు విప్పి రబ్బరు చెప్పులేసుకున్నాడు. అన్నీ కార్లోనే పెట్టేసి, నలిగిన కుర్తాలో దిగి, బల్బీర్ భుజం మీద చెయ్యేసుకుని లోపలికి నడిచాడు. రోజూ వాణ్ణి బూతులు తిట్టే మనిషి, ఆ పూట సొంత తమ్ముడిలాగా నడిపించుకెళ్ళాడు.

మాట్లాడ్డం మొదలైంది. ముందు బల్బీర్ లేచాడు, బల్బీర్ ఎలక్ట్రికల్స్ యజమాని హోదాలో. తర్వాత వంటవాడు. తర్వాత బావమరిది. అలా ఏడు బోర్డులకి ఏడుగురు. అందరిదీ ఒకటే పాట. 'మేం చిన్నవాళ్ళం సాబ్, హద్దు పెంచకపోతే పెరగలేం సాబ్, మా పిల్లలు రోడ్డున పడతారు సాబ్.' వంటవాడైతే మైకు పట్టుకుని ఏడ్చేశాడు. అంత ఏడుపు ఎక్కడ నేర్చుకున్నాడో తెలియదు. చివర్లో మెహందీరత్తా లేచి, చేతులు జోడించి, "ఈ పేదవాళ్ళ తరఫున నేను మాట్లాడాల్సింది ఏమీ లేదు సాబ్, వీళ్ళ కన్నీళ్ళే మాట్లాడాయి" అన్నాడు. వేదిక మీద జాయింట్ సెక్రటరీ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పక్కన కూర్చున్న పద్మనాభం గారు గబగబా రాసుకున్నారు.

"శ్రీ త్యాగరాజ్, త్యాగరాజ్ ఎలక్ట్రికల్స్, నారాయణా" అని పిలిచారు.

అక్షర నా చెయ్యి పట్టుకుంది. మా ఆయన లేచి మైకు దగ్గరికి వెళ్ళాడు. జాయింట్ సెక్రటరీ గారు ఆయన వంక చూసి, సఫారీ చూసి, చిరునవ్వు నవ్వారు. పద్మనాభం గారు వంగి ఆయన చెవిలో ఏదో అన్నారు, మా ఊరివాడనో మా మనిషనో అయ్యుంటుంది. ఆయన నవ్వు ఇంకాస్త పెద్దదైంది.

"ఆయియే త్యాగరాజ్ జీ. కైసా చల్ రహా హై కామ్?"

పని ఎలా సాగుతోందని అడిగాడు. మాట మొదలు పెట్టించడానికి ఎవరైనా అడిగేదే. మా ఆయన రెండు చేతులూ జోడించాడు. ఒకసారి పద్మనాభం గారి వంక చూశాడు.

"ఆప్ కీ మెహర్బానీ సే సబ్ అచ్ఛా చల్ రహా హై సర్."

మీ దయవల్ల అంతా బాగానే ఉంది.

"వెరీ గుడ్!" అని జాయింట్ సెక్రటరీ గారు హాలంతటికీ వినపడేలా అన్నారు. "చూడండి, పొద్దున్నించీ ఇక్కడ అందరూ ఏడుస్తున్నారు. ఒక్క మనిషైనా సంతోషంగా ఉన్నాడు. ఇది నోట్ చేసుకోండి పద్మనాభం." జనం నవ్వారు. నవ్వుతూ చప్పట్లు కొట్టారు. మా ఆయన మళ్ళీ నోరు తెరిచాడు, గోళ్ళ మాట చెప్పబోయాడని నాకు తెలుసు. అప్పటికే మైకు పట్టుకునే మనిషి దాన్ని పక్కవరసలోకి తీసుకెళ్ళిపోయాడు. మా ఆయన జోడించిన చేతులు దించకుండా ఇంకా కాసేపు అలాగే నిలబడి, తర్వాత కూర్చున్నాడు.

నేను లేచి నిలబడ్డాను. "సర్, ఏక్ మినట్" అన్నాను గట్టిగా. బ్యాడ్జి పెట్టుకున్న అమ్మాయి ఒకతె పరుగెత్తుకొచ్చింది.

"ఆంటీ, కౌన్సా యూనిట్?"

"త్యాగరాజ్ ఎలక్ట్రికల్స్."

"ఆప్ కే యూనిట్ కా హో గయా ఆంటీ, మీది అయిపోయింది. యూనిట్‌కి ఒక్కరే మాట్లాడాలి. రూలు."

"అక్కడ ఒక్క గేటు నుంచి ఏడుగురు మాట్లాడారు కదమ్మా!"

"వాళ్ళవి ఏడు యూనిట్లు ఆంటీ" అంది ఆ పిల్ల, చాలా మర్యాదగా. అక్షర నా కొంగు పట్టుకుని కూర్చోబెట్టింది.

భోజనాల దగ్గర మెహందీరత్తా వచ్చి మా ఆయన్ని కౌగిలించుకున్నాడు. "క్యా బాత్ కహీ త్యాగరాజ్ జీ! దిల్ ఖుష్ కర్ దియా" అని, తన మనసు నిండిపోయిందని వీపు చరిచాడు. పద్మనాభం గారు పన్నీరు కూర వడ్డించుకుంటూ దగ్గరికొచ్చారు. "బాగా మాట్లాడావోయ్. షార్ట్ అండ్ స్వీట్. జేఎస్ గారికి బాగా నచ్చింది" అన్నారు. మా ఆయన ప్లేటు పట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు. నేను మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

ఇంటికొచ్చాక చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టాను.

"ఎవరి దయవల్ల బాగుందండీ? ఏం బాగుంది? ఇన్నాళ్ళూ ఆ పిల్లని స్టూలెక్కించి మాట్లాడిన మాటలన్నీ ఏమైనాయి?"

"అంత పెద్దాయన నలుగురిలో పలకరిస్తే, మొహం మీదే బాగాలేదని ఎట్లా అంటామే? ముందు మర్యాదకి ఒక మాట అని, తర్వాత చెబుదామనుకున్నా. ఇంతలో..."

"మర్యాదా?"

"శుభం పలకరా మంకెన్నా అంటే పెళ్ళికూతురు ముండ ఏదీ అన్నాట్ట వెనకటికి ఒకడు. అట్లా ఉంటుంది మరి. మన ఇంట్లో ఎవరన్నా ఎలా ఉన్నావంటే, మీ చలవ అనే అంటాంగా? చిన్నప్పట్నించీ మనకి నేర్పింది అదేగా? పైగా పద్మనాభం గారు అక్కడే ఉన్నారు. ఆయనేమనుకుంటారు?"

"ఆ మంకెన్నే నయం! వాడు మనసులో ఉన్నది అడిగేశాడు."

"పాపా, యే ఫంక్షన్ నహీ థా" అంది అక్షర, ఏడుస్తూ. "వో పూఛ్ రహే థే. రియల్లీ అడిగారు పాపా, అందుకే పిలిచారు."

మా ఆయన సఫారీ విప్పి మేకుకి తగిలించి, షెడ్డుకి వెళ్ళిపోయాడు. నాకు ఆయన మీద జాలి కలగాల్సింది. కలగలేదు. ఆ జాయింట్ సెక్రటరీ మీద ఎంత రోత పుట్టిందో ఆయన మీదా అంతే పుట్టింది. చేతులు జోడించడం తప్ప చేతులతో ఇంకేం చెయ్యాలో తెలియని జాతి మాది అనిపించింది.

నా పోరు పడలేక మర్నాడు పద్మనాభం గారి ఆఫీసుకి వెళ్ళాడు. నేనూ వస్తానన్నాను కాబట్టి తీసుకెళ్ళాడు. చెప్పాల్సింది చెప్పలేకపోయానని, ఇప్పుడు చెబుతానని గొణిగాడు.

"వినడం అయిపోయిందయ్యా. రికార్డు క్లోజ్ చేశాం" అన్నారు పద్మనాభం గారు. "అయినా అంత మంచి మాట అని, మళ్ళీ ఇప్పుడు మాట మారిస్తే నువ్వూ చులకనైపోతావు, నేనూ చులకనైపోతాను."

"మాట మార్చడం కాదండీ, ఆయన అసలు మాట ఇంకా మొదలే పెట్టలేదు" అన్నాను.

"అమ్మా, ఇవన్నీ ఫార్మాలిటీస్. ఎవరు ఏం మాట్లాడినా జరిగేది జరుగుతుంది."

"మరి అడగడం ఎందుకండీ?"

ఆయన మా ఆయన వైపు తిరిగి, "ఏసీ స్టెబిలైజరు ఎప్పుడు పంపిస్తున్నావు? మీ అక్కయ్యగారు రోజూ అడుగుతోంది" అన్నారు. మా ఆయన రేపే తెస్తానన్నాడు. అన్నట్టే మర్నాడు తీసుకెళ్ళి, దగ్గరుండి బిగించి కూడా వచ్చాడు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు. మా గొర్రె కసాయివాడికి కత్తి కూడా నూరి ఇచ్చి వచ్చింది.

ఆ వేసవి సరుకు బాగానే అమ్ముడైంది, అది ఇంకా వెటకారం. వానలు పడ్డాయి, దసరా వెళ్ళింది. ఒక సాయంత్రం పద్మనాభం గారు ఫోన్ చేసి, కమిటీ రిపోర్టులో మీ మాట అచ్చయిందని సంబరంగా చదివి వినిపించారు. నిజమైన చిన్న పారిశ్రామికులు కూడా తమ పరిస్థితి పట్ల సంతృప్తి వెలిబుచ్చారనీ, హద్దు పెంపు వల్ల వారికి నష్టమనే భయానికి ఆధారం కనపడలేదనీ ఉందట. మా ఆయన "థాంక్యూ సార్" అని పెట్టేశాడు. అచ్చయిందన్నందుకు ఆయన మొహంలో ఒక్క క్షణం వెలుగు కనపడింది. దాన్ని మాత్రం నేను ఈనాటికీ క్షమించలేదు.

చలికాలంలో ఉత్తర్వు వచ్చేసింది. మెహందీరత్తా గోడలు పగలగొట్టించి ఏడు బోర్డులూ తీయించి ఒకే పెద్ద బోర్డు పెట్టించాడు. నల్ల ప్లాస్టిక్ చుట్టిన పెట్టెలు క్రేనుతో దింపుతుంటే మా సందంతా నిలబడి చూసింది. ఫిబ్రవరిలో ఎప్పుడూ మా దగ్గరికి వచ్చి వేసవి సరుకు చెప్పుకునే లజపతరాయ్ మార్కెట్ వ్యాపారులు ఆ ఏడు మా సందు మొదట్లో, మెహందీరత్తా గేటు దగ్గరే ఆగిపోయారు. రాంశరణ్ కొన్నాళ్ళు ఊరికే కూర్చుని, ఒకరోజు నా కాళ్ళకి దండం పెట్టి, మెహందీరత్తా దగ్గర చేరిపోయాడు. వాణ్ణి నేనేమీ అనలేదు. అక్షరకి కాలేజీ మాన్పించకూడదని మా ఆయన పాత ఫ్యాన్లు రిపేరు చెయ్యడం మొదలుపెట్టాడు.

మార్చిలో ఒక మధ్యాహ్నం మెహందీరత్తా మా షెడ్డుకి వచ్చాడు. గడియారం ఉంది, ఉంగరాలున్నాయి, బూట్లున్నాయి. రుమాలుతో స్టూలు తుడుచుకుని కూర్చున్నాడు. ఖాళీగా ఉన్న చుట్టు మిషను వంకా, నా వంకా, గోడ పక్కన అమ్ముడుపోని డబ్బాల వంకా చూశాడు.

"ఔర్ త్యాగరాజ్ జీ, కామ్ కైసా చల్ రహా హై?"

మా ఆయన పెదాలు కదిలాయి. ఆ చేతులు పైకి లేవబోవడం కూడా చూశాను. ఈసారి నేను ఆగలేదు.

"అచ్ఛా నహీ చల్ రహా భాయ్ సాబ్" అన్నాను. "బాగాలేదు. అస్సలు బాగాలేదు. మీ మిషన్లు మమ్మల్ని మింగేశాయి. ఈ షెడ్డు ఇంకో నెల నడవదు. రాసుకోండి కావాలంటే."

ఆయనకి కోపం రాలేదు. పాపం అన్నట్టు తల ఊపాడు, నిజంగానే జాలిపడ్డాడేమో కూడా.

"ఈ మాట ఆ రోజు చెప్పాల్సింది భాభీజీ" అన్నాడు నెమ్మదిగా. "సర్కారు అంత ఖర్చు పెట్టి పిలిచి మరీ అడిగింది కదా. ఇప్పుడంటే ఎవరు వింటారు?" తర్వాత మా ఆయన వైపు తిరిగాడు. తైవాన్ మిషన్లలో పెద్ద సైజు కాయిళ్ళు సరిగ్గా రావడం లేదట. అవి చేత్తోనే చుట్టించాలట. కాయిలుకి ఇంత అని ఇస్తాడట, తీగ తనే పంపిస్తాడట. "మనం మనం ఒకటే కదా త్యాగరాజ్ జీ. ఇప్పుడు మీరూ చిన్నే, నేనూ చిన్నే" అని నవ్వాడు.

మా ఆయన నా వంక చూశాడు. ఏమంటానో అని కాదు, ఏమీ అనొద్దన్నట్టు. నేను మిషను ముందు నుంచి లేచి గుమ్మం దగ్గరికెళ్ళి నిలబడ్డాను.

వెనకాల స్టవ్వు వెలిగించిన చప్పుడైంది. గిన్నె పెట్టిన చప్పుడైంది. మా ఆయనకి టీ పెట్టడం రాదు, పెళ్ళైన ఇన్నేళ్ళలో నా కోసం ఒక్కసారి కూడా పెట్టలేదు. అల్లం వెయ్యమంటారా, చక్కెర ఎంత వెయ్యమంటారు అని మెహందీరత్తాని హిందీలో అడుగుతున్నాడు.